కాలవ మీద బెల్టు

ఆ రోజు సూదిలోకి దారం ఎక్కలేదు.

నేను జాకెట్లు కుడతాను. కూర్మన్నపాలెంలో మా వీధి ఆడవాళ్లలో నా చేతి జాకెట్టు తొడగనివాళ్లు తక్కువ. దారం ఎక్కించడానికి నాకు కళ్లు కూడా అక్కర్లేదు, వేళ్లే చూసుకుంటాయి. అలాంటిది ఆ మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని, దారం కొస నోట్లో తడుపుతూ, పొడుస్తూ, మళ్లీ తడుపుతూ ఎంతసేపు కుస్తీ పట్టానో నాకే తెలీదు. సూది బెజ్జం రెండుగా కనబడుతోంది. కనుగుడ్ల వెనకనుంచి ఎవరో బొటనవేళ్లతో నొక్కుతున్నట్టుంది. కళ్లజోడు మార్చాలి కాబోలనుకున్నాను. బల్ల కింద చీలమండల దగ్గర ఒకటే దురద. ఒక కాలితో ఇంకో కాలు గోక్కుంటూ ఇంకాసేపు చూశాను. ఆఖరికి కుట్టాల్సిన గుడ్డల మూట మీదే తల వాల్చేశాను.

నాకు కుదురుగా ఉండడం పుట్టుకతోనే చేతకాదు. మిషను ఆగితే నోరు మొదలవుతుందని, నోరు ఆగితే మిషను మొదలవుతుందని మా ఆయన సింహాచలం అంటుంటాడు. పగటిపూట నేను పడుకోగా చూసినవాళ్లు మా ఇంట్లో లేరు. అందుకే మా అమ్మాయి గౌరి నన్ను చూసి బెదిరిపోయింది. నిండు నెలల కడుపు మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏటమ్మా, ఇలా పడుకున్నావ్? ఏటైంది?"

"ఏటీ అవలేదు. కళ్లు లాగుతన్నాయి, అంతే" అన్నాను. పళ్లు టకటకా కొట్టుకోవడం నాకే వినిపించింది.

గౌరి మొదటి పురుటికి మా ఇంటికొచ్చింది. దాన్ని పద్మనాభం ఇచ్చాం. అల్లుడు శ్రీను రోజూ అక్కడ్నుంచి వైజాగ్ వచ్చి బైకుల షోరూంలో పని చేసుకుని వెళ్తాడు. వాళ్లకి వరి పొలం ఉంది. ఆ పొలం చూసుకునేది మా వియ్యపురాలు అప్పలనరసమ్మ. ఆవిడది తక్కువ మాట, ఎక్కువ చూపు. శ్రీమంతం అయ్యాక గౌరిని తీసుకురావడానికి మేం వెళ్లినప్పుడు అన్నీ సరదాగానే సాగాయి. ఆటో ఎక్కేముందు మాత్రం ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "వొదినా, మీ ఇంటెనకాల ఆ కాలవుంది సూడండి, అదే నాకు బెంగ. పిల్ల వొట్టి మనిసి కాదు. దోమలు కుట్టకుండా సూసుకోండి" అంది.

ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ నాకు ఎక్కడో గుచ్చుకుంది. మా ఇంటి కాలవ గురించి పొరుగూరి మనిషి చెప్పాలా అని దారంతా గొణుగుతూనే ఉన్నాను.

కాలవ సంగతి నిజమే. మా వరస ఇళ్లన్నిటి పెరళ్ల వెంబడీ ఒక మురుగు కాలవ పోతుంది. పోతుంది అనడం మర్యాదకి. ఉన్నచోటే ఉంటుంది. వానాకాలంలో నిండుతుంది, ఎండాకాలంలో కంపు కొడుతుంది. నా కుట్టుమిషను కూడా వెలుతురు కోసం పెరటి కిటికీ పక్కనే వేసుకున్నాను కాబట్టి దాని గుణగణాలన్నీ నాకు కంఠతా వచ్చు. గౌరి వచ్చిన వారమే నేను మా ఆయన ప్రాణం తోడడం మొదలుపెట్టాను. "ఏదోటి సెయ్యి. ఆవిడ మళ్లీ వచ్చేసరికి ఆ కాలవ నాకు కనబడకూడదు" అన్నాను.

మా ఆయన స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు కింద కన్వేయర్ బెల్టుల పని చేస్తాడు. మా ప్రాంతంలో బెల్టు ముక్క లేని ఇల్లుండదు. బొగ్గూ ముడి ఇనుమూ మోసి మోసి అరిగిపోయిన బెల్టులు చివరికి పాత సామాన్ల కొట్లకి చేరతాయి, అక్కడ్నుంచి మా ఇళ్లకొస్తాయి. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోవడానికి అదే, గేదెల కింద పరచడానికి అదే, బండి నిలబెట్టుకోవడానికీ అదే. మా ఆయన గాజువాకలో ఒక కొట్టునుంచి పొడుగాటి ముక్క కొనుక్కొచ్చి, మా పెరట్లో కాలవ పొడవునా పరిచి, అంచుల మీద ఇటుకలు పేర్చాడు. కాలవ మాయమైంది. కంపు కూడా సగం తగ్గింది. గౌరి చప్పట్లు కొట్టింది.

అది చూసి పక్కింటి హసీనా వాళ్లాయన వచ్చాడు. వాళ్లు వైజాగ్ పాత టౌన్లో ఇరుకు తట్టుకోలేక ఇటొచ్చి ఇల్లు కట్టుకున్నారు. "సింహాచలం బావా, మాకూ ఒకటి పరిచిపెట్టవా" అన్నాడు. ఆ తర్వాత వాళ్ల పక్కింటివాళ్లు. సెలవురోజు వచ్చిందంటే మా ఆయన భుజాన బెల్టు చుట్టతో వీధిలో ఊరేగేవాడు. ఎవరైనా సాయం చేయబోతే ఒప్పుకోడు. "ఇటు కాదురా, అటు తిప్పు. మందం రబ్బరు పైకుండాలి. బరువు మోసే మొకం ఎప్పుడూ పైకే" అని పాఠం చెప్పేవాడు. బెల్టుకి రెండు ముఖాలుంటాయట. ఏళ్ల తరబడి రోలర్ల మీద దోనెలా వంగి నడిచింది కాబట్టి నేల మీద పరిచినా ఆ వంపు పూర్తిగా పోదు, అంచులు కొంచెం లేచే ఉంటాయి. ఈ సంగతులన్నీ అప్పుడు నేను విని ఆవులించాను.

ఇక జ్వరం దగ్గరికొస్తాను. సాయంత్రానికి ఒళ్లు పెనంలా కాలింది. ఎముకలు ఎవరో విడదీసి మళ్లీ తప్పుగా బిగించినట్టు నొప్పి. మంచం మీద ఇటు దొర్లినా నొప్పే, అటు దొర్లినా నొప్పే. మర్నాడు క్లినిక్కుకి వెళ్లి, "నాకు పనుంది, మంచి నొప్పి ఇంజెక్షన్ ఒకటి పొడిచెయ్యండి" అని డాక్టరుకే ఆర్డరిచ్చాను.

ఆమె చిన్న వయసు డాక్టరు, నా మాట లెక్కపెట్టలేదు. "డెంగీ సీజన్ అమ్మా. పెయిన్‌కిల్లర్లు వద్దు, బ్లీడింగ్ అవుతుంది. పారాసిటమాల్ ఒక్కటే. ముందు బ్లడ్ టెస్ట్ చేద్దాం" అంది.

రిపోర్టులో ఎన్.ఎస్.వన్ పాజిటివ్ అని వచ్చింది, అంటే డెంగీయే. డాక్టరు అది చూసి, "ఇంట్లో ఇంకెవరుంటారు?" అనడిగింది. నెలలు నిండిన కూతురుందని చెప్పగానే చేతిలో పెన్ను కింద పెట్టేసింది.

"ఆమెని దోమ కుట్టకూడదు. ఈ దోమ పగలే కుడుతుంది, ఎక్కువగా కాళ్ల దగ్గర. మీకు జ్వరం ఉన్నన్నాళ్లు మిమ్మల్ని కుట్టి ఆమెని కుడితే ఆమెకీ వస్తుంది. ఇద్దరూ పగలు కూడా నెట్‌లోనే ఉండండి. ఇంకో మాట. ఇది మురుగులో పెరిగే దోమ కాదు. తేటనీళ్లలో గుడ్లు పెడుతుంది. ఇంట్లో ఎక్కడైనా నిలవ నీళ్లున్నాయేమో చూడండి."

ఇంటికొచ్చి మా ఆయన డ్రమ్ములు బోర్లించాడు, కూలరు ఆరబెట్టాడు, ఫ్రిజ్ వెనక ట్రే కూడా లాగి చూశాడు. పూలకుండీల కింద పళ్లేలు తీసి పారేశాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు. పెరట్లోకి కూడా వెళ్లాడు. కాలవైతే మురుగు, దాని మీద మూత ఉంది, ఇంకేం చూస్తాడు?

నా బుర్ర మాత్రం ఒక్కచోట నిలవలేదు. గౌరి గదిలో దగ్గినా ఉలిక్కిపడుతున్నాను, కాలు గోక్కుంటే లేచి కూర్చుంటున్నాను. ఆఖరికి ఒక నిర్ణయానికొచ్చి మా ఆయనతో, "దాన్ని అత్తారింటికి పంపించెయ్" అన్నాను.

"మతుండే మాటాడతన్నావా? పురిటికి తెచ్చిన పిల్లని పురుడు పొయ్యకుండా పంపేత్తారేటి ఎవలైనా? ఊరు ఏటనుకుంటాది?"

"ఊరా నా కూతురా? నువ్వు ఫోన్ సేత్తావా, నన్ను సెయ్యమంటావా?"

గౌరి ఏడ్చింది. "నీకు జొరవొత్తే నాను ఒగ్గేసి పోవాలేటి?" అని మంచం కోడు పట్టుకుంది. నెట్ లోపలినుంచే దాన్ని కసిరాను. కసరకపోతే అది కదలదు.

వియ్యపురాలు అల్లుడితో పాటు ఆటోలో వచ్చింది. ఇంట్లోకి రాలేదు, మంచినీళ్లు కూడా ముట్టలేదు. గౌరి బ్యాగు తనే అందుకుంది. నేను నెట్‌లోంచి, "వొదినా, తప్పుగా అనుకోకండి, నయమవగానే నానే వచ్చి తెచ్చుకుంటాను" అన్నాను.

"తేవడమెందుకు లెండి. పురుడు మాయింట్లోనే పోసుకుంటాం" అని ఆటో ఎక్కేసింది.

ఆ మాటకి నాకు జ్వరం కంటే ఎక్కువ మంటెత్తింది. అవమానం కూడా అనిపించింది, దాచుకోవడం ఎందుకు? ఆ పూటంతా నెట్‌లో కూర్చుని ఏడ్చాను.

తర్వాత జ్వరం ఉన్నట్టుండి తగ్గింది. ఒళ్లు చల్లబడింది. నాకిక పట్టపగ్గాలు లేవు. లేచి ఇల్లు ఊడ్చాను, ఇవ్వాల్సిన జాకెట్లు ముందేసుకున్నాను. గౌరిని తీసుకురావడానికి ఆటో ఎవరిని పిలవాలా అని కూడా ఆలోచించాను. ఒక జాకెట్టు చెయ్యి కుట్టేసరికి కడుపులో నొప్పి మొదలైంది. వాంతి, మళ్లీ వాంతి. లేచి నిలబడితే ఇల్లు గిర్రున తిరిగింది. మిషను చప్పుడు ఆగిపోయిందేమిటని హసీనా గోడ మీదనుంచి చూసి, కేక వేసుకుంటూ వచ్చింది. ఆ పిల్లే నన్ను ఆటోలో పడేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడ డ్యూటీ డాక్టరు బీపీ చూసి మొహం చిట్లించాడు. "జ్వరం తగ్గాక పని చేశారా?"

"తగ్గింది కదండీ" అన్నాను.

"డెంగీలో జ్వరం తగ్గినప్పుడే అసలు డేంజర్ మొదలవుతుందమ్మా. కడుపునొప్పి, వాంతులు, కళ్లు తిరగడం, ఇవన్నీ వార్నింగ్ సైన్స్. అప్పుడే రావాలి మా దగ్గరికి. చీపురు పట్టుకోవడం కాదు."

నా ప్లేట్‌లెట్ల కౌంట్ బాగా పడిపోయిందన్నారు. డ్రిప్ పెట్టారు. నాలాంటిదాన్ని చేతికి గొట్టం పెట్టి మంచానికి కట్టేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చెయ్యి కదిపినప్పుడల్లా ఆ డ్రిప్ మిషను కీచుమంటుంది, నర్సు పరుగెత్తుకొస్తుంది. "అమ్మా, మీరు కాసేపు బొమ్మలా ఉండలేరా?" అని ఒకసారి దండం పెట్టింది కూడా. చిగుళ్లనుంచి రక్తం కనిపించిన రోజు మాత్రం నేను నిజంగానే బొమ్మనయ్యాను. భయమేసింది. చచ్చిపోతానని కాదు, గౌరి పురుడు చూడకుండా పోతానని.

హసీనా ఎవరో చెప్పారని బొప్పాయి ఆకులు దంచి రసం తీసి సీసాలో పోసుకొచ్చింది. "తాగక్కా, కౌంట్ లేచి కూకుంటాది" అంది. ముందు తను కొంచెం రుచి చూసింది. చూసి, మూతి మూసుకుని బాత్రూం వైపు పరుగు తీసింది. వచ్చాక, "అరె, వొద్దక్కా. కౌంట్ సంగతేమో గానీ ప్రాణం పోద్ది" అంది. ఆ ఆసుపత్రిలో నేను నవ్వింది ఆ ఒక్కసారే. రౌండ్స్‌కొచ్చిన డాక్టరు కూడా, "వాంతులవుతుంటే అది అసలే వద్దు. ఓఆర్‌ఎస్, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగించండి చాలు" అన్నాడు.

నా కౌంట్ మెల్లగా పెరుగుతోంది అనుకునే సమయానికి మా ఆయన ఫోన్ పట్టుకుని వార్డులోకొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"గౌరికి జొరం" అన్నాడు.

అంటే ఆ దోమ గౌరిని మా ఇంట్లోనే కుట్టేసింది. బహుశా నన్ను కుట్టిన రోజుల్లోనే కుట్టి ఉంటుంది. నేను దాన్ని ఏడిపించి మరీ పంపిన దూరమంతా దండగే. డ్రిప్ పీకేసుకుని లేవబోయాను. నర్సూ మా ఆయనా చెరో భుజం పట్టుకుని కూర్చోబెట్టారు.

గౌరిని అదే ఆసుపత్రికి తెచ్చారు. దానికీ పాజిటివే. కింద అంతస్తులో ప్రసూతి వార్డులో ఉంచారు. నన్ను చక్రాల కుర్చీలో ఒకసారి తీసుకెళ్లి చూపించారు. నెట్ లోపల బుగ్గలు ఎర్రగా కందిపోయి, కడుపు కొండలా పెట్టుకుని పడుకుంది. నన్ను చూసి నవ్వబోయింది, పెదాలు పగిలిపోయి ఉన్నాయి. లేడీ డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచి నెమ్మదిగా చెప్పింది.

"కౌంట్ పడిపోతోంది. ఈ టైంలో డెలివరీ అయితే బ్లీడింగ్ కంట్రోల్ చేయడం కష్టం. ఆపరేషన్ అయితే ఇంకా రిస్క్. నొప్పులు రాకుండా ఉంటే కౌంట్ పెరిగేదాకా ఆగుదాం. ఒకవేళ వస్తే ప్లేట్‌లెట్లు రెడీగా ఉంచాం. బేబీని కూడా పుట్టాక వాచ్ చేయాలి."

నెలలు నిండిన పిల్లకి నొప్పులు రావాలని అందరూ దేవుళ్లకి మొక్కుతారు. నొప్పులు రాకూడదని మొక్కిన తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. వియ్యపురాలు వరండా బెంచీ మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నా కుర్చీ ఆవిడ ముందునుంచే వెళ్లింది. తలెత్తలేదు.

నన్ను ముందు డిశ్చార్జి చేసేశారు. మంచం ఇంకొకరికి కావాలి. "ఇంట్లో రెస్ట్ తీసుకోండి, వార్డులో తిరగొద్దు" అన్నారు. ఇంటికొచ్చాను. రెస్ట్ అనే మాట నా శరీరానికి అర్థమవుతుంది గానీ బుర్రకి అర్థం కాదు. మంచం, కుర్చీ, గుమ్మం, మళ్లీ మంచం. మా ఆయన డ్యూటీకెళ్లాడు. ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం. దోమల మందు పొగ కొట్టేవాళ్లు వీధంతా కమ్మేసి వెళ్లిపోయారు. పొగ తగ్గాక, ఊపిరాడక పెరట్లోకి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాను.

రాత్రి వానకి పెరడంతా కడిగినట్టుంది. ఎండ అప్పుడే బెల్టు మీదకొస్తోంది. బెల్టు నడిమి వంపులో ఈ చివరనుంచి ఆ చివరిదాకా నీళ్లు నిలిచి ఉన్నాయి, అద్దంలా తేటగా. అడుగున నల్ల రబ్బరు కావడంతో ఇంకా తేటగా కనిపించాయి. కాకి ఒకటి వచ్చి తాగి వెళ్లింది. ఆ నీళ్లు నేను రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. వాన పడితే నిండేవి, ఆరేలోపు మళ్లీ వాన పడేది. కాళ్లకి బురదైతే అందులోనే కడుక్కునేదాన్ని కూడా. ఇప్పుడూ కడుక్కుందామనే కాలు పెట్టబోయాను.

నీళ్లు కదిలాయి. నా కాలింకా తగలలేదు.

వంగి చూశాను. దారపు ముక్కల్లాంటివి, కామాల్లా ఒంగి, పైకి తేలి, నా నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పోతున్నాయి. ఒకటీ రెండూ కాదు. ఆ చివరిదాకా అవే. తేటనీళ్లు అని ఆ డాక్టరమ్మ అన్న మాట అప్పుడు నా చెవిలో మోగింది. నా మిషను కిటికీ అక్కడికి బారెడు దూరంలో ఉంది. గౌరి రోజూ కాళ్లు చాపుకుని కూర్చునే అరుగు ఇంకా దగ్గర.

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. బెల్టు పట్టుకుని లాగాను, కదల్లేదు. ఇటుకలు తోసేశాను. ఒంట్లో శక్తి లేదు, అక్కడే చతికిలబడ్డాను. చివరికి స్టీలు గ్లాసు తెచ్చి ఆ నీళ్లు ముంచి, కిటికీలో పెట్టుకుని కూర్చున్నాను.

మా ఆయన డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చాడు. "పిల్లెలాగుంది? ఫోనేమైనా వచ్చిందా?" అన్నాడు.

గ్లాసు చేతికిచ్చాను.

"ఏటిది?"

"సూడు."

చూశాడు. "పురుగులా? మురుగులోవేమో."

"మురుగు ఇంత తేటగుంటాదేటి? నువ్వేసిన బెల్టు మీదివి. దోమ పిల్లలు. మనం ఇల్లంతా ఎతికి సచ్చాం. ఇక్కడ పెంచుతున్నాం వాటిని."

ఆయన పెరట్లోకి వెళ్లి బెల్టు ముందు గొంతుక్కూర్చున్నాడు. వేలితో నీళ్లు కదిపాడు. అవి మెలికలు తిరిగాయి. తిడదామని వెనకే వెళ్లినదాన్ని, ఆయన వీపు చూసి నోరు పెగల్లేదు. నా నోరు!

"బోర్లా ఏసుంటే నీరు నిలిసేది కాదు" అన్నాను.

"బెల్టు బోర్లా ఎవడేత్తాడే?" అన్నాడు. మొహం మోచేతిలో దాచుకున్నాడు. "పిల్లకి దోమ కుట్టకూడదనే కదే ఏసినాను."

ఆయన ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశాను. "తెలుసు. నానే కదా ఏదోటి సెయ్యమని నీ పేణం తీసింది" అన్నాను.

కళ్లు తుడుచుకుని లేచాడు. ఇద్దరం కలిసి లాగితే బెల్టు తిరగబడింది. నీళ్లన్నీ ఎండకి ఆరిన నేల మీదకి పారి ఇంకిపోయాయి. అప్పుడు ఆయన గోడకవతల, వరసలో ఉన్న పెరళ్లవైపు చూశాడు. ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ ఆయన చేత్తో పరిచినవే, అన్నీ బరువు మోసే ముఖం పైకి. హసీనా పిల్లలు వాళ్ల బెల్టు పక్కనే ఆడుకుంటున్నారు.

టీ తాగమన్నాను. తాగలేదు. గ్లాసు పట్టుకుని బయల్దేరాడు. మొదటి గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. "ఏటి బావా, మొన్న నువ్వే కదా పాటం సెప్పేవు, మందం పైకుండాలని?" మా ఆయన గ్లాసు చూపించాడు. "తప్పు సెప్పేను. ఈ జొరమే నా కూతురికొచ్చింది. తిరగెయ్యండి" అన్నాడు. నవ్విన మనిషే చొక్కా విప్పి వచ్చాడు. ఆ సాయంత్రం వీధి మగవాళ్లందరూ పెరళ్లలోనే ఉన్నారు. బెల్టులెత్తి, అడుగున కాలవలో పేరుకున్న కవర్లూ బురదా తీసి, తర్వాత బోర్లా పరిచారు. ఎన్నాళ్ల తర్వాతో మా కాలవలో నీళ్లు నిజంగా పోయాయి.

గౌరి కౌంట్ ఆగి ఆగి, మా అందరి ప్రాణాలూ తోడి, చివరికి పైకి తిరిగింది. డాక్టరు, "ఇక నొప్పులు వచ్చినా పర్వాలేదు" అన్న తర్వాతే వచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. పిల్లని కొన్నాళ్లు అద్దాల గదిలో ఉంచి చూశారు. జ్వరం రాలేదు. నేను అద్దానికి ముక్కు ఆనించి నిలబడితే నర్సు వచ్చి అద్దం తుడుచుకుని వెళ్లేది.

తల్లీపిల్లల్ని పద్మనాభం తీసుకెళ్లారు. మేం అడగలేదు. బెల్టు సంగతి వాళ్లకీ చెప్పేశాక అడిగే మొహం మాకు లేదు. నా పురిటి సామానంతా పెట్టెలో అలాగే ఉండిపోయింది. నెలలపాటు మనవరాలిని ఫోన్లోనే చూశాను. వెళ్లి చూసొచ్చినా ఎత్తుకున్నది కాసేపే. నాకు కీళ్లనొప్పులు చాలాకాలం పీడించాయి, జుట్టు కుచ్చులుగా ఊడింది. ఓపిక లేక మిషను తొక్కలేనప్పుడు చేత్తో చిన్న గౌన్లు కుట్టేదాన్ని. కుట్టిన గౌను పంపేలోపు పిల్లకి చిన్నదైపోయేది. మా ఆయన సెలవురోజుల్లో పెరట్లో తిరుగుతూనే ఉండేవాడు. బకెట్టు కనబడితే బోర్లించేవాడు, కొబ్బరిచిప్ప కనబడితే పగలగొట్టేవాడు.

మొన్న ఆదివారం ఆటో ఆగిన చప్పుడైంది. ముందు గౌరి దిగింది, వెనకాల మా వియ్యపురాలు, చంకలో పిల్ల. నేను చేతులు చాపాను. ఆవిడ పిల్లని ఇవ్వలేదు. "ఉండండి వొదినా" అని, చెప్పులతోనే ఇంటి పక్కనుంచి నేరుగా పెరట్లోకి నడిచింది. మేమంతా ఆవిడ వెనక. కాలవ వెంబడి నడిచి బోర్లా ఉన్న బెల్టుని కాలితో తొక్కి చూసింది. డ్రమ్ముల మూతలెత్తింది. కుండీల వెనక, మోటారు పక్క, గోడమీది సీసాలు, ఒక్కటీ వదల్లేదు. మా ఆయన బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుళాయి కింద, ఆకుల మధ్య, నేనే ఎప్పుడో వదిలేసిన పగిలిన మగ్గు ఒకటుంది. దాని అడుగున కాసిని నీళ్లు. రోజూ ఆ కుళాయి దగ్గరే ఉండే నాకు కనబడలేదు, రోజూ వెతికే మా ఆయనకీ కనబడలేదు. ఆవిడ వంగి, ఆ నీళ్లు ఒంపి, మగ్గు మా ఆయన చేతిలో పెట్టింది.

ఇంక ఆటో ఎక్కేస్తుందనుకున్నాను.

ఆవిడ పిల్లని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "మీ మనవరాలు. నెల్లాళ్లు ఉంచుకోండి" అంది. "దాహమేత్తంది, మంచినీళ్లియ్యండి వొదినా."

చదివేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. మీ పెరడు మీ కంటికి అలవాటైపోయి ఉంటుంది, అందులో ఏముందో మీకు కనబడదు. వారానికొకసారి పక్కింటివాళ్లని పిలిచి మీ పెరడు చూపించండి, వాళ్ల పెరడు మీరు వెళ్లి చూడండి. మురుగు ఎలాగూ కనబడుతుంది, తేటనీళ్ల కోసం వెతకండి. ఇప్పుడు శుక్రవారం పొద్దున్నే హసీనా మా పెరట్లో ఉంటుంది, నేను వాళ్ల పెరట్లో ఉంటాను. ఈ శుక్రవారం నా చంకలో మనవరాలు కూడా ఉంటుంది, చేతులకీ కాళ్లకీ నిండుగా నేను కుట్టిన గౌను తొడుక్కుని.